దారి తెగేది పొలిమేర దగ్గరే

“ఎవరి ఊరి దారి వాళ్ళు వేసుకుంటే చాలు. ఆరు రాష్ట్రాలకూ కలిపి ఒకే పటం గీయడం ప్రొఫెసర్ల కాలక్షేపం.” అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్‌లో పచ్చదారుల ఊసెత్తితే చాలు, ఈ మాట వినపడుతుంది. టౌన్ మీటింగుల్లో వినపడుతుంది, స్థానిక పత్రికల ఉత్తరాల శీర్షికల్లో కనపడుతుంది, శనివారం రాత్రి మన తెలుగువాళ్ళ విందుల్లో పప్పుకూ పెరుగుకూ మధ్య దొర్లుతుంది. అనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. సొంత ఊరి ఖర్చును సొంత ఇంటి ఖర్చులా చూసుకునేవాళ్ళు. అందుకే ఈ మాటకు ఇంత చలామణీ ఉంది. అందుకే దీన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు.

‘గ్రీన్‌వే’ని నేను పచ్చదారి అంటున్నాను. వాగు ఒడ్డు వెంటో, రైళ్ళు మానేసిన కట్ట మీదో, పూడిన కాలువ గట్టు పక్కనో సాగే పొడవాటి పట్టీ. కార్లు రావు. మనిషి నడుస్తాడు, సైకిలు పోతుంది, నక్క దాటుతుంది, వాన నీరు ఇంకుతుంది. 1999లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ ప్రాంగణానికి చెందిన జూలియస్ ఫాబోస్, రాబర్ట్ రయన్, మార్క్ లిండ్‌హల్ట్ కలిసి మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్ రాష్ట్రాలన్నిటికీ ఒకే పచ్చదారుల అల్లికను ప్రతిపాదించారు. ఆరు రాష్ట్రాలంటే బెదిరిపోవద్దు. ఆరూ కలిపినా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడింట రెండు వంతులే.

ఈ ప్రతిపాదనను కాదనేవాళ్ళ వాదం న్యాయంగా చెప్పాలంటే ఇదీ. జనం వాడుకునేది ఇంటి చుట్టుపక్కల రెండు మూడు మైళ్ళే. ఏ వాగు ఎక్కడ పొంగుతుందో, ఏ పొలం ఎవరిదో ఊరివాళ్ళకు తెలిసినట్టు రాజధానికి తెలియదు. డబ్బు కొంచెం, అవసరాలు ఎన్నో. బడి ముందు కాలిబాట లేనప్పుడు పక్క రాష్ట్రం దాకా సైకిల్ దారి దేనికి? పెద్ద పటాలు గీసిన వాళ్ళు పోయారు, పటాలు బీరువాల్లో మిగిలాయి. కాబట్టి ముందు ఎవరి ముక్క వాళ్ళు వేసుకుందాం. అన్నీ పూర్తయ్యాక అవే కలుస్తాయి.

వినడానికి ఎంత బాగుందో! ఒక్కో మాటా పట్టుకుని చూస్తే ఎక్కడికక్కడ ఊడి వస్తుంది.

1. “ఆ కొస నుంచి ఈ కొసకు ఎవడు నడుస్తాడు?”

దాదాపు ఎవడూ నడవడు. ఒప్పుకుంటున్నాను. జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్‌లోని కటాడిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,200 మైళ్ళు సాగే అప్పలాచియన్ కాలిబాట మీద ఏటా 30 లక్షల మంది దాకా అడుగు పెడతారని అంచనా. మొత్తం నడిచి ముగించేది వెయ్యి పైచిలుకు మంది. మరి మిగతా లక్షల మందికీ ఆ బాట దండగేనా?

మన 44వ నంబరు జాతీయ రహదారినే తీసుకోండి. శ్రీనగర్‌లో ఎక్కి కన్యాకుమారిలో దిగేవాళ్ళు ఎందరు? అనంతపురం మనిషి కర్నూలు ఆసుపత్రికి పోతాడు. కర్నూలు పిల్లవాడు హైదరాబాదు కోచింగుకు పోతాడు. ఆదిలాబాదు పత్తి లారీ నాగపూరు వైపు తిరుగుతుంది. ఎవరి ప్రయాణం వాళ్ళది, అన్నీ పొట్టివే. కానీ ఒకడి ప్రయాణం ముగిసే చోట ఇంకొకడిది మొదలవుతుంది. “గుత్తి నుంచి శ్రీనగర్‌కు ఎవడూ పోవడం లేదు, రోడ్డును గుత్తి దగ్గరే ఆపేద్దాం” అన్న ఇంజనీరును ఇంతవరకు నేను చూడలేదు. కార్లకు ఎవరూ వేయని ఈ ప్రశ్న కాలినడకకు మాత్రం ఎందుకు వేస్తున్నారు?

సరే, ఆ రెండు మూడు మైళ్ళ లెక్కనే నమ్ముదాం. అమెరికన్ల ప్రయాణాల్లో సుమారు సగం మూడు మైళ్ళ లోపువేనన్నది ప్రభుత్వ సర్వేల మాట కూడా. ఇప్పుడు చిన్న లెక్క. మసాచుసెట్స్ నేల 7,800 చదరపు మైళ్ళు, ఊళ్ళు 351. సగటున ఊరికి 22 చదరపు మైళ్ళు. అంటే ఈ పక్క నుంచి ఆ పక్కకు ఐదు మైళ్ళు కూడా ఉండదు. అలాంటి ఊరికి సరిగ్గా నడిబొడ్డున ఇల్లు కట్టుకున్న అదృష్టవంతుడు కూడా రెండున్నర మైళ్ళు నడిచేసరికి పొలిమేర తగులుతుంది. ఊరి చివర ఇల్లున్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అతడి మూడు మైళ్ళలో సగం వలయం పక్క ఊళ్ళోనే పడుతుంది. “జనం మూడు మైళ్ళే తిరుగుతారు, కాబట్టి ఊరి దారి చాలు” అన్న వాక్యంలో మొదటి సగం నిజమైతే, రెండో సగం అబద్ధమయి తీరాలి. మనిషి తిరుగుడుకు నడిబొడ్డు అతడి ఇల్లు, టౌన్ హాలు కాదు.

న్యూ ఇంగ్లండ్ పొలిమేర దాటి ఒక మాట చెప్పాలి, ఇది మన వాళ్ళ సంగతి కాబట్టి. పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చే అమ్మానాన్నలు అమెరికాలో ఎలా ఉంటారో అందరికీ తెలుసు. ఇల్లు పెద్దది, బేస్‌మెంట్ ఉంది, టీవీలో అన్ని తెలుగు చానెళ్ళూ వస్తాయి. డ్రైవింగ్ రాదు. ఉదయం కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే ఆ ఇల్లు బందిఖానా. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల పాత లీహై వ్యాలీ రైలు కట్ట మీద 3.5 మైళ్ళ మిడిల్‌సెక్స్ గ్రీన్‌వే ఉంది. మెటచెన్, ఎడిసన్, వుడ్‌బ్రిడ్జి మూడు ఊళ్ళనూ కలుపుకుంటూ పోతుంది. అలాంటి దారుల మీదే మంకీ క్యాపూ తెల్ల బూట్లూ వేసుకున్న మన మావయ్యలు కనిపిస్తారు. అక్కడ వాళ్ళు ఒకరిని లిఫ్ట్ అడగాల్సిన మనుషులు కారు, సొంతంగా తిరిగే మనుషులు. ఆ 3.5 మైళ్ళు మూడు ఊళ్ళ సొత్తు. మెయిన్‌లోని క్యాలిస్ నుంచి ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దాకా 15 రాష్ట్రాల్లో 3,000 మైళ్ళు అనుకున్న ఈస్ట్ కోస్ట్ గ్రీన్‌వేలో అదో చిన్న తునక. ఆ మావయ్య ఫ్లోరిడా వెళ్ళడు. ఆయనకు కావలసింది గుడి దాకా, లైబ్రరీ దాకా, ఇంకో వీధిలో ఉన్న గుంటూరు స్నేహితుడి ఇంటి దాకా తెగని దారి. అది ఏ ఊరి లెక్కలో పడుతుందో ఆయనకెందుకు?

2. “ముందు ముక్కలు వేద్దాం, తర్వాత కలుపుకుందాం”

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. ఎందుకంటే దీంట్లో వద్దనడం లేదు, వాయిదా మాత్రమే ఉంది. దారుల విషయంలో ఆ రెండూ ఒకటే.

గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, మరికొన్నిచోట్ల డొంక అంటారు. పొలాల మధ్య ఊరుమ్మడి బండి దారి. దాన్ని ఎవడూ ఒక్క రాత్రిలో కాజేయడు. రెండు పక్కల రైతులూ ఏడాదికో సాలు లోపలికి దున్నుతారు. ఎవడూ దొంగ కాదు, ఎవడికీ నేరం చేసిన భావన ఉండదు. ముప్పై ఏళ్ళు గడిచేసరికి రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునే పుంత మనిషి ఒంటరిగా నడిచే గట్టవుతుంది. ఆ తర్వాత సర్వే పటంలో తప్ప కనపడదు. అప్పుడు దారి కావాలంటే కోర్టుకు పోవాలి.

అమెరికా రైలు కట్టలకు పట్టిన గతి ఇదే, కాస్త పెద్ద ఎత్తున. 1916లో ఆ దేశంలో 2,54,000 మైళ్ళ రైలు మార్గం ఉండేది. కార్లూ లారీలూ వచ్చాక కంపెనీలు లక్ష మైళ్ళకు పైగా వదులుకున్నాయి. రైలు కట్ట అంటే ఏమిటి? కొండను తొలిచి, లోయను పూడ్చి, నదికి వంతెన కట్టి, ఎద్దూ గుర్రమూ ఆయాసపడని వాలుతో వేసిన సన్నటి గీత. దాని విలువంతా తెగకపోవడంలోనే ఉంది. నడుమ అర మైలు అమ్మేసి అందులో గిడ్డంగి కట్టారంటే అటు ఇరవై మైళ్ళూ ఇటు ఇరవై మైళ్ళూ రెండు మొండి చేతులు. అందుకే 1983లో అమెరికా కాంగ్రెస్ జాతీయ కాలిబాటల చట్టానికి ఒక సవరణ తెచ్చింది. కంపెనీ పట్టాలు పీకేసినా, దారి హక్కు చచ్చిపోకుండా కట్టను నిల్వ పెట్టవచ్చు. రేపు రైలు మళ్ళీ కావాలంటే తిరిగి ఇవ్వాలి. ఈలోగా జనం నడవవచ్చు. వెర్మాంట్‌లోని బర్లింగ్‌టన్‌లో సరస్సు ఒడ్డున ఉన్న కట్ట విషయంలోనే ఈ సవరణ మీద వ్యాజ్యం పడింది. 1990లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఆ చట్టం చెల్లుతుందన్నారు. పక్క భూమివాళ్ళకు నష్టపరిహారం అడిగే హక్కుందనీ అన్నారు. అది న్యాయం, దాన్ని నేను కాదనను. ఊరుమ్మడి దారి కోసం ఒకడి భూమి తీసుకుంటే వెల కట్టి తీసుకోవాలి.

కానీ అదే కోర్టు 2014లో వ్యోమింగ్ కేసులో 8–1 తేడాతో చెప్పింది కూడా చదవాలి. ప్రభుత్వ భూమి మీద రైలు కంపెనీకి ఇచ్చిన దారి హక్కు, నిల్వ పెట్టకుండా వదిలేసిన చోట, పోయినట్టే. నేల పక్క భూమివాడిది. అంటే ‘తర్వాత’ అన్న మాటకు ఇక్కడ చట్టప్రకారం ఒక గడువుంది. ఆ గడువు లోపల “ఈ కట్ట మాకు కావాలి” అని చేయి ఎత్తేదెవరు? దాని మీద రెండు మైళ్ళే ఉన్న చిన్న ఊరు, అవతలి రాష్ట్రంలో దాని కొనసాగింపు ఏమిటో తెలియని ఊరు, ఎత్తుతుందా? మొత్తం గీతను పటం మీద చూసినవాడే ఎత్తగలడు.

న్యూ ఇంగ్లండ్‌లోనే మచ్చు చూడండి. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ నుంచి మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ దాకా 1820లలో కాలువ తవ్వడం మొదలుపెట్టారు. 1835కల్లా పడవలు ఆ కొసకు చేరాయి. పట్టుమని పదిహేనేళ్ళు కూడా కాకముందే రైలు వచ్చి కాలువను మింగింది. రైలూ పోయాక అదే గీత మీద ఇప్పుడు ఫార్మింగ్‌టన్ కెనాల్ పచ్చదారి, 80 మైళ్ళకు పైన. పడవ, రైలు, సైకిలు: మూడు యుగాలకు ఒకే గీత పనికొచ్చింది, రాష్ట్రం గీత దాటి మరీ. అయితే ప్లెయిన్‌విల్ దగ్గర ఏళ్ళ తరబడి తెగి ఉంది. అక్కడ పట్టాల మీద ఇంకా గూడ్సు నడుస్తుంది. దారిని పక్కకు తిప్పాలి, తిప్పడానికి చోటు వెతకాలి, చోటు దొరికితే సొంతదారు ఒప్పుకోవాలి. ఉత్తరానా దక్షిణానా ఊళ్ళు తమ ముక్కలు చక్కగా వేసుకుని రిబ్బన్లు కోసుకున్నాయి. మిగిలిపోయింది ఎప్పుడూ కష్టమైన ముక్కే. ముక్కల పద్ధతిలో ఇది తప్పదు. ఎవరికి వారు సులువైనది ముందు వేసుకుంటారు. వంతెన, సొరంగం, హైవే దాటడం లాంటి ఖరీదైన పనులు పేరుకుని, ఏ ఒక్క ఊరూ మోయలేని బరువై చివరకు మిగులుతాయి.

“నార్త్ కరోలినాలో కలిసిందిగా?” అంటారు. కలిసింది. మన వాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండే కేరీ, ఏపెక్స్ ఊళ్ళ దగ్గర, డర్హమ్ సిగరెట్ కంపెనీకి పొగాకు మోసిన రైలు కట్ట మీద 22 మైళ్ళ అమెరికన్ టొబాకో ట్రెయిల్ ఉంది. ఐ-40 హైవే దాన్ని రెండు ముక్కలు చేసి పెట్టింది. 2014లో ఆ హైవే మీద వంతెన పడ్డాకే అది ఒక దారయింది. కానీ అక్కడ రెండు పక్కలా మిగిలింది ఒకే కట్ట, మూడు కౌంటీల మీదుగా ఒకే గీతగా నిలబెట్టుకున్న కట్ట. వంతెన ఒకటే బాకీ ఉంది, కాబట్టి కట్టారు. అది ముక్కల వాదానికి సాక్ష్యం కాదు, నా వాదానికి సాక్ష్యం.

వాయిదా వేస్తే ఏమవుతుందో చూడాలంటే బోస్టన్ చుట్టూ చూడండి. 1929లో చార్లెస్ ఎలియట్ రెండోవాడు, ఆ నగరం చుట్టూ వడ్డాణంలా ఒక పచ్చటి పట్టీ ఉండాలని ప్రతిపాదించాడు. పేరు బే సర్క్యూట్. 1956లో శాసనసభ చట్టం చేసింది, డబ్బు ఇవ్వలేదు. డబ్బు రావడానికి 1980లు కావాల్సి వచ్చింది. ఈలోగా హైవేలు, వాటి వెంట ఆఫీసు పార్కులు, కాలనీలు, షాపింగ్ కేంద్రాలు. ఇవాళ 230 మైళ్ళ బే సర్క్యూట్ కాలిబాట ఉంది, సంతోషమే; స్వచ్ఛంద సేవకులు చెమటోడ్చి వేశారు. కానీ వడ్డాణం రాలేదు, దారం మిగిలింది. చాలాచోట్ల రెండు పెరళ్ళ మధ్య నుంచి దూరిపోయే దారం, అక్కడక్కడ కార్ల రోడ్డు అంచున నడిపించే దారం. దీన్నే నా ప్రత్యర్థులు ‘బీరువాలో మిగిలిన పటం’ అని వేలెత్తి చూపుతారు. పటం చేసిన తప్పేముంది? 1929లో భూమి చవక, ఖాళీ. పటం సకాలంలోనే వచ్చింది. ఆలస్యంగా వచ్చింది డబ్బు.

3. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం”

పటం గీసినంత మాత్రాన దారి పడుతుందా అని వెక్కిరింత. సామెత బాగానే ఉంది. కానీ దారుల చరిత్రలో సోమలింగానికి పేరు పెట్టాకే చూలు నిలిచిన సందర్భాలు ఎక్కువ.

బెంటన్ మెకాయ్ 1921లో ఒక వాస్తుశిల్పుల పత్రికలో వ్యాసం రాసే నాటికి అప్పలాచియన్ బాటకు సొంత భూమి ఒక్క ఎకరం లేదు. పటం, వ్యాసం, అంతే. 1937కల్లా ఈ కొస నుంచి ఆ కొసకు బాట పడింది. పడింది కానీ చాలాభాగం పరాయి పొలాల్లో, రోడ్ల అంచున. 1968లో చట్టం వచ్చాక దశాబ్దాల పాటు ఒక్కో ముక్కా కొన్నారు. ఇప్పుడు దాదాపు అంతా ప్రజల భూమి. ముందు గీత, తర్వాత అడుగు, ఆ తర్వాత హక్కు. వరస తిరగేసి ఉంటే, ముందు భూమి కొని తర్వాత గీత గీద్దామనుకుని ఉంటే, ఏ భూమి కొనాలో ఎవరికి తెలిసేది?

అంతకు ముందటి కథ ఇంకా పాతది. 1893లో మొదటి చార్లెస్ ఎలియట్ (రెండోవాడికి పెదనాన్న) బోస్టన్ చుట్టూ ముప్పైకి పైగా ఊళ్ళను కలిపి ఒక పార్కుల కమిషన్ వచ్చేలా చేశాడు. ఊరికో పార్కు చాలదు. కొండలు, నదుల ఒడ్లు, సముద్ర తీరం ఊళ్ళ గీతలు చూసుకుని పుట్టలేదని అతడి వాదం. బ్లూ హిల్స్ కొండలు, రివీర్ బీచ్, చార్లెస్ నది ఒడ్డు అలా ప్రజలకు దక్కాయి. 37 ఏళ్ళకే, 1897లో అతడు పోయాడు. ఇవాళ ఆ నది ఒడ్డున పరుగెత్తుతూ “ప్రాంతీయ ప్రణాళికలు పనికిరావు” అని ఇయర్‌ఫోన్‌లో మాట్లాడుకునే పెద్దమనిషికి తాను దేని మీద పరుగెడుతున్నాడో తెలియదు.

ఈ వాదానికి అసలు జబ్బు ఇక్కడ లేదు, కార్ల దగ్గర ఉంది. 1955లో అమెరికా ప్రభుత్వం ఒక పసుపు అట్ట పుస్తకం వేసింది. అందులో దేశంలోని నగరాల మీదుగా ఇంటర్‌స్టేట్ హైవేలు ఎక్కడెక్కడ పోవాలో గీతలు గీసింది. మరుసటి ఏడు చట్టం వచ్చింది: 41,000 మైళ్ళు, ఖర్చులో 90 శాతం కేంద్రానిది. ఆ గీతల కింద పేటలకు పేటలు నేలమట్టమయ్యాయి. అప్పుడు ఎవరూ “ఎవరి ఊరి హైవే వాళ్ళు వేసుకుందాం, తర్వాత కలుపుకుందాం” అనలేదు. నాలుగు చక్రాలకు గీసిన గీత జాతి నిర్మాణం, రెండు కాళ్ళకు గీసిన గీత పగటి కలా?

పటం చేసే పని ఇంకొకటుంది. వంతెనలు యాభై ఏళ్ళకో నూరేళ్ళకో ఒకసారి కడతారు. కట్టే రోజున “ఇక్కడి నుంచి నడక దారి పోతుంది” అని చెప్పే కాగితం బల్ల మీద ఉండాలి. లేకపోతే ఇంకో నూరేళ్ళు ఆగాలి. న్యూయార్క్‌లో 1964లో తెరిచిన వెరజానో వంతెన మీద ఇప్పటికీ మనిషి నడిచే వీలు లేదు. హడ్సన్ నది మీద 1955 నాటి టాపన్ జీ వంతెన మీదా ఆ వీలు ఉండేది కాదు. దాని చోట కొత్తది కట్టినప్పుడు నడక దారిని గీతలోకి ఎక్కించారు కాబట్టి 2020 నుంచి జనం నది దాటి నడుస్తున్నారు. వంతెన కట్టేవాడు తనంతట తాను మన కాళ్ళను తలుచుకోడు.

4. “డబ్బు ఎక్కడిది?”

ఈ ప్రశ్నకు నేను గౌరవం ఇస్తాను. బడి ముందు కాలిబాట కావాలి, అదీ నిజమే. కానీ ఆ రెండిటి మధ్య పోటీ పెట్టిందెవరు? 1991లో వచ్చిన రవాణా చట్టం హైవే డబ్బులోంచి కొంత కాలినడకకు, సైకిళ్ళకు పక్కన పెట్టింది. సాధారణంగా 80 పాళ్ళు కేంద్రం, 20 పాళ్ళు రాష్ట్రమో ఊరో. అప్పటినుంచి ఊళ్ళు ఒకదానితో ఒకటి ఆ చిన్న మూట కోసం కీచులాడుకుంటున్నాయి. గుమాస్తాలు ఉండి దరఖాస్తు రాయగలిగిన డబ్బున్న ఊరు గెలుస్తుంది. మిల్లు మూతపడి కుంగిన ఊరు, దారి అన్నిటికంటే అవసరమైన ఊరు, ఓడుతుంది. అంటే ‘ఎవరి ఊరి దారి వారిది’ అన్న పద్ధతిలో దారులు అవసరం ఉన్నచోట పడవు, అప్లికేషన్ రాయడం వచ్చినచోట పడతాయి. పేదల పేరు చెప్పి పెద్ద పటాన్ని వద్దనేవాళ్ళు ఈ ముక్కను ఎందుకో దాటేస్తారు.

2021 మౌలిక వసతుల చట్టం ముక్కలను కలపడం కోసమే ప్రత్యేకంగా ఒక పథకం పెట్టింది. ఏటా 20 కోట్ల డాలర్ల దాకా ఇవ్వవచ్చంది. మొదటి విడతగా బయటికి వచ్చింది 4.45 కోట్లు. యావత్ దేశానికి! సిగ్గుపడాల్సిన అంకె. కానీ ఆ పథకం గుర్తించిన సూత్రం చూడండి: కలపని ముక్కకు పెట్టిన పెట్టుబడి సగం నిద్రపోయే పెట్టుబడి. బావి తవ్వి చేద కొనకుండా ఆపేసినవాణ్ణి మనం పొదుపరి అనం.

5. “దొంగలు వస్తారు”

దీని మీద ఎక్కువసేపు నిలబడను. బెడ్‌ఫర్డ్, లెక్సింగ్టన్, ఆర్లింగ్టన్‌ల మీదుగా కేంబ్రిడ్జి సబ్‌వే దాకా పోయే పది మైళ్ళ మినిట్‌మన్ దారి వేసేటప్పుడు కూడా పెరటి వెనక అపరిచితులు తిరుగుతారని భయపడ్డారు. 1990ల మొదట్లో అది తెరుచుకుంది. ఇవాళ ఆ ఊళ్ళలో ఇల్లు అమ్మకానికి పెడితే ప్రకటనలో “దారికి నడిచే దూరంలో” అని రాస్తారు. టీవీ ఎత్తుకుపోయే దొంగ సైకిల్ మీద రాడు.

6. “రాష్ట్రాల మీద పెత్తనం దేనికి?”

ఇక మిగిలింది ఊరి స్వేచ్ఛ. న్యూ ఇంగ్లండ్‌కు ఇది మతం లాంటిది, టౌన్ మీటింగ్ గుడి లాంటిది. సొంత ఊరి సంగతి సొంత ఊరు తేల్చుకోవాలి, ఇందులో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, పొలిమేర ఏ ఊరి సంగతి?

వూస్టర్ నుంచి ప్రావిడెన్స్ దాకా పారే బ్లాక్‌స్టోన్ నది లోయను 1986లోనే కాంగ్రెస్ రెండు రాష్ట్రాల ఉమ్మడి వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. అమెరికాలో నీటి చక్రాల నూలు మిల్లులు పుట్టిన లోయ అది. నది వెంట 48 మైళ్ళ దారి అనుకున్నారు. రోడ్ ఐలండ్ తన వైపు చాలావరకు వేసుకుంది. మసాచుసెట్స్ వైపు ఇప్పటికీ ముక్కలు ముక్కలుగా ఉంది. నది ఒకటే, చరిత్ర ఒకటే, పేరూ ఒకటే. తేడా వచ్చింది గీతకు ఆ పక్కా ఈ పక్కా ఉన్న రెండు ఆఫీసుల దగ్గర. దీనికి ఎదురుగా మసాచుసెట్స్‌లోని ఎయర్ నుంచి న్యూ హాంప్‌షైర్‌లోని నాషువా దాకా పోయే రైలు కట్ట దారిని పెట్టండి. సుమారు పన్నెండు మైళ్ళే, అయినా రాష్ట్రం గీత దాటుతుంది. రెండు రాష్ట్రాలూ ఒప్పుకుంటే ఆకాశం విరిగి మీద పడలేదు. సైకిల్ తొక్కేవాడికి రాష్ట్రం మారిన సంగతి తారు రంగు మారితే తప్ప తెలియదు.

పచ్చదారి మనుషులకే అనుకుంటేనే ఈ పెత్తనం భయం పుడుతుంది. కనెక్టికట్ నది నాలుగు రాష్ట్రాలను తాకుతూ 410 మైళ్ళు పారుతుంది. ఎగువన అడవి కొట్టేస్తే వరద దిగువ రాష్ట్రంలో వస్తుంది. చార్లెస్ నది దగ్గర ఈ పాఠం ఒకసారి నేర్చుకున్నారు. 1970లలో సైన్యపు ఇంజనీర్లు ఆ నదికి ఎగువన ఆనకట్ట కట్టడం మాని, అక్కడే ఎనిమిది వేల ఎకరాల దాకా చిత్తడి నేలలను కొని, కొన్నిచోట్ల హక్కులు తీసుకుని, కట్టడాలు రాకుండా కాపాడారు. నేలే నీటిని పీల్చి నెమ్మదిగా వదులుతుంది. ఆ చిత్తడి నేలలు ఎన్నో ఊళ్ళ మధ్య చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎగువ ఊరు తన చిత్తడిని పూడ్చి కాలనీ వేసుకుంటే ఆ ఊరికి పన్ను వస్తుంది, దిగువ ఊరికి నీళ్ళు వస్తాయి. స్వేచ్ఛ అంటే ఇదేనా?

కాబట్టి మర్యాదగా “ఊరికి ఊరి దారి, ప్రాంతానికి ప్రాంతపు పటం, రెండూ ఉండాలి” అని రాజీ వాక్యం రాసి ముగించను. ఊరి దారి కంటే ముందు ప్రాంతపు పటమే ఉండాలి. రాష్ట్రాల రవాణా శాఖలు ఆ పటాన్ని సంతకం చేసి తమ మీద కట్టుబాటుగా తీసుకోవాలి. అందులో ఉన్న రైలు కట్టను ఏ కంపెనీ వదిలినా నిల్వ పెట్టమని రాష్ట్రమే అడగాలి, ఊరు అడిగేదాకా ఆగకూడదు. ఆ గీత మీద పడే ఏ వంతెననైనా నడక దారి లేకుండా తిరిగి కట్టకూడదు. రెండు కొసలూ పొలిమేర దగ్గర పక్క ఊరి గీతకు కలవని దారికి, కనీసం కలిసే నేలను పక్కన పెట్టని దారికి, ప్రజల డబ్బు ఒక్క డాలరు ఇవ్వకూడదు. రిబ్బను పొలిమేర అవతల మొదటి గజం మీదే కోయాలి, పక్క ఊరి పెద్దలను పిలిచి మరీ. దీనికి ఒప్పుకోని ఊళ్ళు తమ సొంత పన్నులతో తమ చుట్టూ తామే ఎన్ని మైళ్ళయినా తిరగవచ్చు.